టీచరమ్మ తలుపు తియ్యలేదు

"నెమలి ఈరోజు మధ్యాహ్నం లాంచీలో వస్తోంది. ప్రాణాలతో దిగుతుందా లేదా అన్నది ఇక నీ చేతిలో ఉంది," అన్నాడు డిప్యూటీ, గది తలుపు లాగి గడియ పడిందో లేదో చూసుకున్నాక.

గద్ద కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ గూఢచారి శాఖలో ఏజెంట్లందరికీ పక్షుల పేర్లే. గద్ద ఒకప్పుడు పరుగెత్తే రైలు కప్పు మీద దొంగని తరిమినవాడు, వంటవాడి వేషంలో విదేశీ రాయబారి ఇంట్లో నెలల తరబడి గరిటె తిప్పినవాడు. మోకాలు దెబ్బతిన్నాక అతన్ని ఆఫీసులో కూర్చోబెట్టి, కంప్యూటర్ భద్రత మీద సిబ్బందికి క్లాసులు చెప్పమన్నారు. ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడకండి, తెలియని లింకులు నొక్కకండి, ఫోన్‌కొచ్చిన కోడ్ ఎవరికీ చెప్పకండి అని ఏళ్ళ తరబడి నెత్తీ నోరూ బాదుకున్నాడు. అందరూ బుద్ధిగా తలలూపేవారు. ఆ తర్వాత టీ తాగి, ఎవరి సీటుకి వాళ్ళు వెళ్ళి, పాత పాస్‌వర్డే కొట్టుకునేవారు. తుపాకీ ఎదురుగా నిలబడిన రోజుల్లో కూడా అతనికి ఇంత విసుగు పుట్టలేదు.

నెమలి సంగతి వేరు. గొడుగు అనే విదేశీ ముఠాలో పైస్థాయి మనిషి. ఖరీదైన పార్టీల్లో ఆమె అడుగుపెడితే మాట్లాడుతున్నవాళ్ళు మాట మధ్యలో ఆపేస్తారని చెప్పుకునేవారు. ఆ ముఠా రహస్యాలన్నీ చాలాకాలంగా గద్దకి చేరవేస్తున్నది ఆమే. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. కనీసం ఒకరి గొంతు ఒకరు వినలేదు. అంతా సందేశాల మీదే నడిచింది. లోపల ఎవరో ద్రోహం చేస్తున్నారని గొడుగు నాయకుడికి అనుమానం రావడంతో ఆమెను ఈరోజు బయటికి లాగేస్తున్నారు. ఆమె దొంగ పేరు, ఫొటో, ఎక్కే లాంచీ వివరాలు పెద్దాయనకీ డిప్యూటీకీ మాత్రమే తెలుసు. పెద్దాయన అంటే శాఖకి చీఫ్.

"మరి ఇబ్బందేమిటి?" అన్నాడు గద్ద.

డిప్యూటీ నీళ్ళు నమిలాడు. ఆఫీసులో ఒక్క పేజీ ప్రింటు తియ్యాలన్నా ఇద్దరు అధికారుల సంతకాలు ఉండాలి. ఆ రూలు పెట్టింది పెద్దాయనే. కానీ ఆయనకి ఈమధ్య చూపు ఆనడం లేదు. ఆ మాట పదిమందికీ తెలియడం నామోషీ. అందుకని ముఖ్యమైన కాగితాలన్నీ గుట్టుచప్పుడు కాకుండా తన సొంత మెయిల్‌కి పంపుకుని, ఇంట్లో ఇంతింత అక్షరాలతో ప్రింటు తీసి చదువుకుని కాల్చేస్తున్నాడు. నెమలి వివరాలు కూడా అలాగే పంపుకున్నాడు. రాత్రి ప్రింటరులో ఇంకు అయిపోయిందట. మెయిల్ అక్కడే ఉంది.

గద్ద కళ్ళు మూసుకున్నాడు.

మిగతాది వింటుంటే అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దాయన మొక్కల పిచ్చితో ఒక విత్తనాల షాపు వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచాడు. దానికీ, మెయిల్‌కీ ఒకటే పాస్‌వర్డ్. చచ్చిపోయిన కుక్క పేరు. ఆ కుక్క పేరు జనరల్ అనీ, ఉరుము వినిపిస్తే మంచం కింద దూరేదనీ ఆఫీసులో స్వీపరు దాకా అందరికీ తెలుసు. ఆ షాపు వెబ్‌సైట్ గొడుగు చేతికి చిక్కింది. పాస్‌వర్డ్ దొరికింది, ఫోన్‌కి వచ్చే కోడ్ ఒక్కటే మిగిలింది, ఈ పూట ముసలావిడ చేత చెప్పిస్తాం అని వాళ్ళు మాట్లాడుకోవడం శాఖ వాళ్ళు విన్నారు.

ఆ కోడ్ అనే చివరి గడియ కూడా గద్ద బిగించిందే. నెలరోజులు వెంటపడితే తప్ప పెద్దాయన ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక కూడా రోజూ సణిగేవాడు. అయితే ఆఫీసులోకి ఫోన్లు తేకూడదన్నది పెద్దాయన పెట్టిన ఇంకో రూలు. అందుకని ఆ కోడ్ వచ్చే ఫోన్ రోజంతా ఇంట్లో భార్య దగ్గరే ఉంటుంది.

పెద్దాయన్ని పిలుద్దామా అంటే ఆయన భూగర్భ గదిలో సమావేశంలో ఉన్నాడు. ఆ గది లోపలినుంచి తప్ప తెరుచుకోదు. అదీ ఆయన రూలే. ఇంటి ల్యాండ్‌లైన్ చాలాసేపటినుంచి ఎంగేజ్ వస్తోంది. మెయిల్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యం అంటూ వీణ వాయిస్తున్నారు. డిప్యూటీ చెవికి రిసీవరు ఆనించుకుని ఆ వీణ వింటూనే ఇదంతా చెప్పాడు. బయల్దేరుతున్న గద్దతో చివరగా ఇంకో మాట కూడా అన్నాడు. పెద్దాయన భార్యకి తన భర్త తూనికలు, కొలతల శాఖలో చిన్న ఆఫీసరని మాత్రమే తెలుసు. అసలు సంగతి చెప్పడానికి వీల్లేదు.

"అదీ ఆయన రూలేనా?" అన్నాడు గద్ద. డిప్యూటీ రిసీవరుని ఇంకో చెవికి మార్చుకున్నాడు.

*

నీలం చొక్కా, పనిముట్ల సంచీ, అతికించిన మీసం. కంప్యూటర్ మెకానిక్ వేషంలో గద్ద ఆ ఇంటి మెట్లెక్కాడు. వరండా నిండా పూలకుండీలు. బయట ఇనుప గ్రిల్లు, దాని వెనక ఉక్కు తలుపు. శాఖలో ఎవరూ తెరవలేని తాళం కావాలని శాఖే తయారుచేసి బిగించింది. గద్ద దాన్ని ఒకసారి చూసి, మారు తాళంచెవులన్నీ మళ్ళీ సంచీలో పడేసి బెల్లు కొట్టాడు.

తలుపు పక్కన ఇనపకమ్మీల కిటికీ తెరిచే ఉంది. ముందుగదిలో కంప్యూటర్ తెర ఎర్రగా మెరుస్తోంది. మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని దాని మీద అరచెయ్యంత అక్షరాలు. దాంతో పాటు అంబులెన్సు లాంటి కూత. దాని ముందు పెద్దాయన భార్య నిటారుగా కూర్చుని ఉంది. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. వీధి వీధంతా ఆవిడని టీచరమ్మ అనే పిలుస్తుంది. బల్లమీద ల్యాండ్‌లైన్ స్పీకరులో పెట్టి ఉంది. అందులోంచి ఒక ఆడపిల్ల గొంతు తేనె పూసినట్టు వినిపిస్తోంది. కంగారు పడకండి పిన్నిగారూ, నేనున్నాను కదా అంటోంది.

"ఎవరదీ?" అంది టీచరమ్మ కిటికీ వైపు తిరిగి.

"కంప్యూటర్ మెకానిక్‌నమ్మా. సార్ ఆఫీసు నుంచి పంపారు."

"ఇంటికొచ్చి కంప్యూటర్ బాగుచేస్తామనేవాళ్ళని గుమ్మం తొక్కనివ్వద్దని మా ఆయన మరీ మరీ చెప్పారు. వాళ్ళ ఆఫీసులో ఎవరో క్లాసు తీసుకున్నారట. తలుపు తియ్యను. వెళ్ళిరా."

అది గద్ద క్లాసులో చూపించే స్లైడే. దాని తర్వాతి స్లైడు ఫోన్‌లో మాట్లాడే దొంగల గురించి. అది మొదలయ్యేసరికి పెద్దాయన టీకి లేచిపోయాడని ఇప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్‌లో మాట్లాడేవాళ్ళని కూడా నమ్మకూడదని చెప్పిచూశాడు. ఆ ఎర్రతెర ఉత్త బూటకమనీ, కంప్యూటర్ ఆపేస్తే అదీ పోతుందనీ చెప్పాడు. ఏ కంపెనీ కూడా వైరస్ వచ్చిందని తన నంబరు తెర మీద వేసుకోదన్నాడు. సగం చెప్పేసరికే గొంతు పెరిగింది. ఏళ్ళ విసుగంతా ఆ కిటికీ దగ్గర బయటికొచ్చింది. "అది దొంగల ఫోనమ్మా, ముందు పెట్టేయండి దాన్ని," అని గ్రిల్లు పట్టుకుని అరిచాడు.

టీచరమ్మ అతన్ని కళ్ళెత్తి చూసింది. వెనక బెంచీలో అల్లరి చేసేవాణ్ణి చూసే చూపు అది. "దొంగలైతే ఇంత మర్యాదగా ఎందుకు మాట్లాడతారయ్యా? గంటనుంచి ఈ అమ్మాయి నాకు ఒక్కొక్కటే విడమరిచి చెబుతోంది. నేను రెండుసార్లు అడిగినా విసుక్కోలేదు. అరుస్తున్నది నువ్వు."

ఆవిడ స్పీకరు వైపు తిరిగి, ఏమీ లేదమ్మా, తూనికలు, కొలతల శాఖ నుంచి మెకానిక్‌నంటూ ఎవడో వచ్చి గుమ్మంలో గోలచేస్తున్నాడు, నువ్వు కానియ్యి అంది. అవతలి గొంతు ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత మళ్ళీ అదే తియ్యదనంతో, సార్ గారి ఫోన్ దగ్గర పెట్టుకోండి పిన్నిగారూ, ఇప్పుడొక కోడ్ వస్తుంది అంది.

గద్ద సంచీలోంచి గొంతు మార్చే పరికరం తీశాడు. శాఖ ప్రయోగశాల వాళ్ళు అగ్గిపెట్టె సైజులో తయారుచేసి ఇచ్చింది. దాన్ని పెదాల దగ్గర పెట్టుకుని పెద్దాయన గొంతుతో ఒక్క కేక వేస్తే చాలు. నొక్కాడు. చిన్న తెర వెలిగింది. అప్‌డేట్ చెయ్యనిదే ఈ పరికరం పనిచేయదు అని రాసి ఉంది. కొన్ని నెలలుగా అది అడుగుతున్నప్పుడల్లా తను 'తర్వాత' అని నొక్కుతూ వచ్చిన సంగతి గద్దకి బాగా తెలుసు. ఎవరిని తిట్టుకోవాలో తెలియక దాన్ని జేబులో కుక్కుకున్నాడు.

లోపల పెద్దాయన ఫోన్ టింగుమంది. కోడ్ వచ్చింది.

ఇక ఆలోచించే వ్యవధి లేదు. పూలకుండీల పక్కన కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెర పడి ఉంది. ల్యాండ్‌లైన్ తీగ గోడమీదుగా కిటికీలోకి పోతోంది. గద్ద కత్తెర అందుకుని తీగని రెండు దవడల మధ్య ఇరికించాడు. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తారని తెలుసు. కనీసం కాస్త సమయమైనా దొరుకుతుంది.

సరిగ్గా అప్పుడు స్పీకరులో ఆ గొంతు సంబంధం లేని మాట ఒకటి అడిగింది.

"పిన్నిగారూ, మీ కిటికీ దగ్గర మొక్కకి నీళ్ళు పోశారా?"

గద్ద చేతులు ఆగిపోయాయి. ప్రపంచంలో ఆ వాక్యం తెలిసినవాళ్ళు ఇద్దరే. ప్రాణం మీదికి వస్తే తప్ప వాడకూడదని తనే రాసి పంపిన సంకేతం.

ఆ తేనె గొంతు నెమలిది. తూనికలు, కొలతల శాఖ పెద్దాయన ముసుగని ఆమెకి తెలుసు; ఆ మాట వినగానే అది ఎవరి ఇల్లో అర్థమైపోయింది. తనని పట్టించే కాగితాన్ని తన చేతే తీయిస్తున్నారు. పక్కన నాయకుడు నిలబడి వింటూ ఉంటాడు, తెర కూడా చూస్తూ ఉంటాడు. ఇప్పుడు ఫోన్ తెగిందంటే మొదటి అనుమానం ఆమె మీదే పడుతుంది. లాంచీ దాకా వెళ్ళనివ్వరు. గద్ద కత్తెరని చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"నిన్ననే కుండీ మార్చామమ్మా," అని ఆ సంకేతానికి జవాబు గట్టిగా చెప్పాడు, కిటికీలోంచి.

"నా కుండీలు నువ్వెందుకు మారుస్తావయ్యా?" అంది టీచరమ్మ మండిపడుతూ. ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని అంకెలు చూడటానికి తంటాలు పడుతోంది. కళ్ళజోడు కనబడటం లేదని గొణుక్కుంటూ, అయినా సరే మొదటి అంకె పైకి చదవబోయింది.

"ఆగండి పిన్నిగారూ," అంది నెమలి. "ఒక్క అంకె తప్పినా మళ్ళీ మొదటికొస్తుంది. కళ్ళజోడు లేకుండా మీరు కష్టపడొద్దు. ఆ గుమ్మంలో ఉన్న మెకానిక్ మా కంపెనీ మనిషే. నేనే పంపించాను. లోపలికి రానిచ్చి అతని చేత చదివించండి."

"వీడా? వీడికి మర్యాద తెలియదమ్మా."

"కొత్తగా చేరాడండీ. నేను మందలిస్తాను."

గద్ద అంతసేపు మొత్తుకున్నా కదలని గడియ ఒక్క మాటతో కదిలింది. ఉక్కు తలుపు తెరుచుకుంది, గ్రిల్లు తెరుచుకుంది. కాళ్ళు తుడుచుకుని రమ్మని ఆవిడ హుకుం జారీచేసింది. గద్ద బుద్ధిగా తుడుచుకున్నాడు. ఒళ్ళు ఉడికిపోతోంది. కానీ ఏం చెయ్యాలో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. తప్పు కోడ్ మూడుసార్లు కొడితే ఆ మెయిల్ ఖాతా మూసుకుపోతుంది. సొంతదారు తనే వచ్చి రుజువు చూపిస్తే గానీ తెరుచుకోదు. ఇది కూడా అతని స్లైడుల్లో ఉంది. నెమలికి తెలుసో లేదో మరి. తెలిసే ఉండాలి.

ఫోన్ అందుకుని కోడ్ చూశాడు. దానికి ఏమాత్రం పోలికలేని అంకెలు వరసగా చదివాడు. అవతల కీబోర్డు టకటకలాడింది. తప్పట, సరిగ్గా చూసి చెప్పండి అంది నెమలి. వెనకాల ఒక మగగొంతు విసుక్కోవడం లీలగా వినిపించింది. గద్ద గొంతు సవరించుకుని, ఈసారి ఇంకో రకంగా తప్పు చదివాడు. మళ్ళీ తప్పు.

టీచరమ్మ ఊరుకోలేదు. పిల్లల ఎక్కాలు దిద్దిన మనిషి. ఆరంకెలు చదవలేని మెకానిక్ ఏమి మెకానిక్ అంటూ సొరుగు లాగి వెతకడం మొదలుపెట్టింది. మూడోసారి చదవమంది నెమలి. ఆమె గొంతులో తియ్యదనం అలాగే ఉంది గానీ, ఊపిరి పీల్చిన చప్పుడు మాత్రం గద్దకి వినబడింది. అతను మొదలుపెట్టాడు. ఈలోగా సొరుగులో టీచరమ్మకి పాత కళ్ళజోడు దొరికింది. అది ముక్కు మీద పెట్టుకుని అతని భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూసింది.

"ఒరేయ్, అది ఆరు కాదు కదరా..."

"తొమ్మిది," అని గద్ద ఆవిడ మాట మీదుగా చివరి తప్పు అంకె ఇల్లదిరేలా అరిచాడు. అవతల చివరి మీట నొక్కిన చప్పుడు అయింది.

తర్వాత మగగొంతు ఏదో పరాయి భాషలో పొడుగ్గా తిట్టింది. తిట్లు భాష రాకపోయినా అర్థమవుతాయి. ఖాతా మూసుకుపోయింది.

"మీ సహకారానికి థాంక్సండీ పిన్నిగారూ," అంది నెమలి అలసటగా. "మా మెకానిక్‌కి అంకెలు రావు. ఏమీ అనుకోవద్దు." లైన్ తెగింది.

టీచరమ్మ అతన్ని గుమ్మం దాకా తరిమింది. ఎక్కడ చదువుకున్నావని అడిగింది. పంతులు ఎవరో తెలిస్తే వెళ్ళి కడిగేసేదాన్నంది. వీధిలోకి వచ్చి పడ్డ గద్దకి డిప్యూటీ నుంచి ఫోన్ వచ్చింది. వీణ ఆగిందట. హెల్ప్‌లైన్ మనిషి ఎట్టకేలకు మాట్లాడాడట. భద్రతా కారణాల వల్ల మీ ఖాతా ఇప్పుడే లాక్ అయింది, అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నాడట.

*

రేవులో లాంచీ ఆగింది. గద్ద జనంలో పార్టీల గౌను కోసమో, నల్లకళ్ళద్దాల కోసమో వెతికాడు. నలిగిన చీర కట్టుకుని, తలకి కొంగు చుట్టుకుని, చేతిలో కూరగాయల సంచీతో ఒక ఆవిడ దిగి, ముందే తెలిపిన నంబరు చూసుకుని నేరుగా అతని కారు దగ్గరికి వచ్చింది. అంకెలు నేర్చుకున్నావా అని అడిగి వెనక సీట్లో కూర్చుంది. అప్పుడు గానీ గద్ద గుండె కుదుటపడలేదు.

దారిలో ఆమె కొంతే చెప్పింది. నీ గొంతు మెత్తగా ఉంటుంది, ముసలావిడతో మాట్లాడు అంటూ బయల్దేరబోతున్న సమయానికి నాయకుడు ఆమె తలకి హెడ్‌ఫోన్ తగిలించాడట. ఫోన్ పూర్తయ్యాక చీకాకుతో అందరినీ బయటికి పొమ్మన్నాడట. ఆ చీకాకే ఆమెకి రేవుదాకా దారి ఇచ్చింది.

గద్ద మాత్రం టీచరమ్మ మీదే రగిలిపోతున్నాడు. నేను నిజం చెబితే వినలేదు, మీరు అబద్ధం చెబితే తలుపు తీసింది, ఇన్నేళ్ళుగా అందరితోనూ ఇదే నా గతి అన్నాడు. నెమలి అద్దంలో అతని కళ్ళలోకి చూసింది.

"నువ్వు నిజం చెబుతావు గానీ తిడుతూ చెబుతావు," అంది. "మేము అబద్ధాన్ని కూడా ఓపిగ్గా చెబుతాం. ఆవిడ వయసులో మనుషులకి ఈ రోజుల్లో ఓపిగ్గా చెప్పేవాళ్ళు ఎవరున్నారు? మా ముఠా బతుకుతున్నది దాని మీదే."

స్టీరింగు మీద గద్ద వేళ్ళు బిగిశాయి, తర్వాత మెల్లగా సడలాయి. ఆ మాట అతనికి చాలా లోతుగా గుచ్చుకుంది.

సాయంత్రం ఇద్దరూ కంప్యూటర్ శుభ్రం చేయడానికి ఆ ఇంటికి వెళ్ళారు. భూగర్భం నుంచి బయటపడిన పెద్దాయన సంగతంతా విని, ఖాతా తెరిపించుకోవడానికి మెయిల్ కంపెనీ ఆఫీసు ముందు లైన్లో నిలబడ్డాడు. ఆ ఆఫీసు వాళ్ళు ఆయన్ని ఫోన్ చూపించమని అడుగుతున్నారట. ఫోన్ ఇంట్లో ఉంది.

గద్ద బెల్లు కొట్టి, ఈసారి ఎంతో మర్యాదగా, నెమ్మదిగా, పొద్దున జరిగినదానికి క్షమించమని మొదలుపెట్టాడు. మళ్ళీ తయారయ్యావా అంది లోపలినుంచి టీచరమ్మ. కిటికీ రెక్క మూసిన చప్పుడు వినిపించింది.

నెమలి అతన్ని పక్కకి జరిపింది. "పిన్నిగారూ, నేనండీ. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయిని."

గడియ కదిలింది. రా అమ్మా, నీ గురించే అనుకుంటున్నాను, వాణ్ణి మాత్రం బయటే ఉండనీ అంది టీచరమ్మ. తలుపు మళ్ళీ పడింది. గద్ద మెట్ల మీద పూలకుండీల పక్కన కూలబడ్డాడు. కిటికీ సందులోంచి మాటలు వినబడుతున్నాయి. ఫోన్‌కొచ్చిన కోడ్ ఎవరు అడిగినా చెప్పకూడదండీ అంటోంది నెమలి, ఒక్కొక్క మాటే విడమరిచి.

"నీక్కూడానా?"

"నాక్కూడా పిన్నిగారూ. ముఖ్యంగా నాకు."

సరేనమ్మా, గుర్తుపెట్టుకుంటాను అంది టీచరమ్మ. ఏళ్ళ తరబడి గద్ద వినాలని తపించిన మాట అది. అతను నిట్టూర్చి, జేబులోంచి గొంతు మార్చే పరికరం తీసి, మొట్టమొదటిసారి 'ఇప్పుడే' అని నొక్కాడు. బ్యాటరీ సరిపోదు, తర్వాత ప్రయత్నించండి అంది అది.